గుల్లసున్నము, రాతిసున్నము

తాంబూలము వేసికొను ఇండ్లలో రెండు సున్నముల పేర్లు వినబడుచుండును. ఒకటి గుల్లసున్నము, రెండవది రాతిసున్నము. ఆకుకు గుల్లసున్నమే మేలనియు, రాతిసున్నము నోరు పొక్కించుననియు పెద్దలు చెప్పుదురు. కోస్తా గ్రామములలో పులికాటు సరస్సునుండియు, కాకినాడ సముద్రతీరమునుండియు వచ్చిన గుల్లలను కాల్చి సున్నము చేసినారు. సముద్రమునకు దూరముగా, ఎర్రటి ఎండలో, నాపరాళ్ళమీద నిలిచిన పల్నాటివారికి ఆ గుల్లలతో అవసరము లేకపోయినది. కాలిక్రింద ఉన్న రాయినే పెకలించి బట్టీకెత్తినారు. పిడుగురాళ్ళకు సున్నపు ఊరని నేటికిని పేరు. గుంటూరునుండి మాచర్ల వైపు ప్రయాణము చేసినవారికి ఆ బట్టీల పొగ, ఆ తెల్లని దుమ్ము, దుమ్ము కప్పిన చెట్లు పరిచితములే.

ఈ రెండు సున్నములలో ఏది మంచిదన్న వివాదము ఇక్కడ మాకు అక్కరలేదు. కాల్చక ముందు రెండును ఒకే పదార్థము. రెండును సముద్రములో పుట్టినవే. గుల్ల సముద్రములో పుట్టినదనగా ఎవరును ఆశ్చర్యపడరు. మాచర్ల, గురజాల, దాచేపల్లి ప్రాంతముల నాపబండ కూడ సముద్రగర్భమున పుట్టినదే అనగా మాత్రము వినువారు ఒక్కక్షణము ఆగుదురు. నాగులేటి ఒడ్డున, కారెంపూడి వీరుల గుడిముందు నిలిచి, ఇది ఒకనాడు సముద్రపుటడుగు అనుకొనుట సులభము కాదు. పల్నాటి వీరచరిత్ర వ్రాసిన శ్రీనాథుడు ఈ సీమ రాళ్ళను, జొన్నకూటిని చాటువులలో ఎత్తిపొడిచినాడని వాడుక. ఆ రాళ్ళు ఎక్కడివో ఆయనకు తెలిసియున్నచో చాటువు మరియొక తీరుగా నడిచియుండునేమో.

ఈ రాతి కథను శాస్త్రీయముగ మొదట గ్రంథస్థము చేసినవాడు విలియమ్ కింగ్. భారత భూగర్భ పరిశీలన శాఖలో పనిచేసిన ఈ ఆంగ్లేయుడు కడప, కర్నూలు శిలల సముదాయమును గూర్చి 1872లో పెద్ద గ్రంథము ప్రచురించినాడు. కడప నుండి కర్నూలు మీదుగా కృష్ణ ఒడ్డువరకు చంద్రవంకగా వంగియున్న ఒక ప్రాచీన సముద్రపు పళ్ళెరమును ఆ గ్రంథము మన కండ్లకు కట్టినది. ఆ పళ్ళెరమునకు ఈశాన్యపు కొసయే పల్నాడు. ఇక్కడి సున్నపురాయి పొరలు పొరలుగా, పుస్తకము పుటలవలె పరచుకొని యున్నది. కనుకనే గడ్డపారతో సందు చేసి ఎత్తినచో బండ పలకగా లేచివచ్చును. పల్నాటి ఇంటి నట్టింటి బండ, వాకిటి అరుగు, పశువుల కొట్టపు గోడ, పొలము గట్టున పాతిన రాతిపలక, అన్నియు ఆ పుస్తకమునుండి చించిన పుటలే.

అయితే ఆ పుటలలో ఒక వింత కలదు. సముద్రపుటడుగున ఏర్పడిన సున్నపురాయి యనగానే మనము గుల్లలకొరకు వెదకుదుము. ఐరోపా దేశములలో, మన అరియలూరు దిక్కున, సున్నపురాతిని పగులగొట్టినచో గుల్లలు, నత్తలు, శంఖముల అచ్చులు కనబడును. పల్నాటి బండలో ఎంత వెదకినను ఒక్క గుల్లయు దొరకదు. వెదకువారి లోపము కాదు. గుల్ల గల ప్రాణులు సముద్రములో విరివిగా కనబడునది సుమారు 54 కోట్ల ఏండ్ల క్రిందటి నుండియే. పల్నాటి రాయి అంతకంటె ప్రాచీనమైనది. ఆ సముద్రములో చేప లేదు, పీత లేదు, ఆలిచిప్ప లేదు.

మరి గుల్లలే లేని సముద్రములో ఇంత సున్నము ఎవరు పోగుచేసినారు?

దీనికి సమాధానము కొంత కడపజిల్లా వేంపల్లె రాళ్ళలో దొరకును. అదే పళ్ళెరమునకు చెందిన, ఇంకను పాతవైన ఆ సున్నపురాళ్ళలో, ఉల్లిపాయను అడ్డముగా కోసినట్లు పొరమీద పొరగా ఉబ్బిన గుండ్లు కనబడును. వీటిని శాస్త్రజ్ఞులు స్ట్రోమటొలైటులందురు. దాదాపు 190 కోట్ల ఏండ్లనాటి ఈ గుండ్లలో అతిసూక్ష్మమైన జీవకణముల ఆనవాళ్ళు కలవని విలియమ్ షాఫ్, ప్రసాద్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1978లో ప్రకటించినారు. పూర్వము వీటిని నీలిపచ్చ నాచులనెడివారు. ఇప్పుడు సూక్ష్మజీవులలో చేర్చుచున్నారు. పేరేదైనను వాటి వృత్తి ఒక్కటే. అవి ఎండను తిని బ్రతుకును. ఎండ సాయముతో నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. ఆ వాయువు తగ్గినచోట నీటిలో కరగియున్న సున్నము నిలువలేక గట్టిపడి అడుగున కూర్చుండును. జిగురువంటి ఆ నాచుపొరమీద బురద అంటుకొనును. నాచు మరల వెలుగుకొరకు పైకి ప్రాకును. మరియొక పొర పడును. ఇట్లు వెలుగే రాయిగా మారినదనినను పెద్ద అతిశయోక్తి కాదు. పల్నాటి సముద్రమునందలి సున్నపు బురద అంతయు ఇదే రీతిగా పేరుకొన్నదని మేము చెప్పబోము. నీటి రసాయనస్థితికిని అందులో పాలు కలదు. కాని జంతువు పుట్టకముందటి సముద్రములలో ఎండ తిను సూక్ష్మజీవులే సున్నపు పనివారిలో ముఖ్యులన్నది నేటి భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఆ బండ పడియున్నచోట పడియుండలేదు. క్రీస్తుకు పూర్వము నుండియే మనవారు దానిలోని గుణమును కనిపెట్టినారు. పాలరాయివలె మెత్తగ ఉలికి లొంగును. ఆకుపచ్చ చాయగల తెల్లని వన్నె. సన్నని పని చేసినను విరుగదు. అమరావతి మహాచైత్యమును అలంకరించిన పలకలు ఈ పల్నాటి సున్నపురాతివే. లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు పోయి ఆ పలకలను చూచువారికి నేటికిని వాటి పేరుపట్టికలో పల్నాడు మాట కనబడును. మూడవ, నాల్గవ శతాబ్దులలో ఇక్ష్వాకులు విజయపురిని పాలించినప్పుడు నాగార్జునకొండ శిల్పులకు రాయికొరకు దూరము పోవలసిన పనియే లేకపోయినది. అక్కడ బోధిసిరి అను ఉపాసిక వేయించిన శాసనములో సింహళవిహారము పేరును, కంటకసేల పేరును వచ్చినవి. కంటకసేల యనగా నేటి ఘంటసాల, ఆనాటి రేవు. సింహళపు భిక్షువులు సముద్రము దాటి, కృష్ణ వెంట ఎగువకు వచ్చి, మరియొక సముద్రపుటడుగుమీద కూర్చుండి ధర్మము చెప్పుకొన్నారన్నమాట. వారికది తెలియదు, తెలియవలసిన పనియు లేదు.

తరువాతి కథ చెప్పుకొనుటకు కష్టముగా నుండును. 1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూచునాటికే చింతపల్లినుండి వచ్చి అక్కడ రాజధాని కట్టుచున్న వాసిరెడ్డి వేంకటాద్రినాయని పనివారు ఇటుకలకొరకు, రాళ్ళకొరకు దిబ్బను త్రవ్వుచుండిరి. మెకంజీ 1816లో చిత్రకారులతో మరల వచ్చి, మిగిలినవాటికి బొమ్మలు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి కొన్ని పలకలను మదరాసుకు చేర్చినాడు. వాటిలో పెక్కు 1859లో లండనుకు పోయినవి. ఈ మధ్యకాలములో ఎన్నో పలకలు చెరువుమెట్లకు పోయినవి, గోడలలో కలసినవి. ఎన్నో పలకలను సున్నమునకై కాల్చివేసినారు. రాతిసున్నము! బుద్ధుని జాతకకథ చెక్కిన పలక బట్టీలో పడి, తెల్లబడి, నీళ్ళు చల్లగా పొగలు గ్రక్కుచు విచ్చిపోయి, ఎవరి ఇంటి గోడకో పూతయైనది. ఆ పని చేసినవారిని నిందించుట మా ఉద్దేశము కాదు. వారికది సున్నపురాయి; సున్నపురాతిని సున్నము చేయుట తాతలనాటి పని. శిల్పమును శిల్పముగా చూచు కన్ను పక్కన లేకపోయినది, అంతే.

పల్నాటి బండలో గుల్ల లేదన్నాము. గుల్ల పుట్టిన తరువాత ఆ ఎండ తిను నాచు ఏమైనది? గుల్లకును నాచుకును ఏమైన పొత్తు కుదిరినదా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు మనము చాలదూరము, ఆస్ట్రేలియా ఖండపు పడమటి తీరమునకు, పోవలసియున్నది. పల్నాటి సముద్రమువంటి సముద్రమును నేడు కంటితో చూడవలెనన్నచో దానికి దగ్గరగా వచ్చునవి లోకములో బహుకొద్ది చోటులు. అందులో మొదట చెప్పదగినది అక్కడి షార్క్ బే అను అఖాతము. 1699లో విలియమ్ డాంపియర్ అను నావికుడు దానికి ఆ పేరు పెట్టినాడు. తీరమున అతడు గుల్లలేరుకొన్నాడు కూడ. ఆ అఖాతపు లోపలిమూలలో హామెలిన్ పూల్ అను మడుగు కలదు. దాని ముఖమున ఇసుకగట్టు, ఆ గట్టుమీద సముద్రపు గడ్డి అడ్డుపడుటచే బయటినీరు స్వేచ్ఛగా లోనికి రాదు. పైన ఎండ మండును, వాన తక్కువ. అందుచే అక్కడి నీరు మామూలు సముద్రముకంటె రెండింతలు ఉప్పన. నాచును మేయు నత్తలు మొదలైనవి ఆ ఉప్పులో బ్రతుకజాలవు. మేయువారు లేకపోవుటచే నాచు తన పాతకాలపు పనిని అడ్డులేక సాగించుచున్నది. 1950లలో చమురుకొరకు వెదకుచు వచ్చిన భూగర్భశాస్త్రజ్ఞులు ఆ మడుగుటంచున నల్లని గుండ్లు బారులు తీరియుండుట చూచి నివ్వెరపోయినారు. వేంపల్లె రాళ్ళలో చచ్చి బండయైన స్ట్రోమటొలైటులు అక్కడ సజీవముగ పెరుగుచున్నవి. 1961లో లోగన్ అను శాస్త్రజ్ఞుడు వాటినిగూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ వార్త లోకమునకు తెలిసినది.

ఆ గుండ్ల ప్రక్కనే, అదే ఉప్పునీటిలో, ఒక చిన్న తెల్లని గుల్ల కోట్లకొలది నివసించుచున్నది. వ్రేలిగోరంతకు మించదు. శాస్త్రనామము ఫ్రాగమ్ ఎరుగేటమ్. చచ్చిన గుల్లలను అలలు ఒడ్డుకు త్రోయగా, కొద్ది వేల ఏండ్లలో అక్కడ ఇసుకయే లేని తీరము ఏర్పడినది. పదుల కిలోమీటర్ల పొడవున గుల్లలు, కొన్నిచోట్ల పది మీటర్ల లోతువరకు గుల్లలు. దానిని షెల్ బీచ్ అందురు. అడుగునున్న గుల్లలు వాననీటికి కొంచెము కరగి, మరల గట్టిపడి, ఒకదానికొకటి అతుకుకొని రాయివలె అయినవి. వలసవచ్చిన తెల్లవారు ఆ గుల్లరాతిని రంపములతో ఇటుకలుగా కోసి ఇండ్లు కట్టుకొన్నారు. డెన్‌హామ్ అను ఊరిలో చర్చి కూడ ఆ గుల్లరాతితో కట్టినదే. పల్నాటివాడు అక్కడికి పోయినచో ఇల్లు చేరినట్లే యుండును: కాలిక్రింద సున్నము, గోడలో సున్నము, నెత్తిన ఎండ.

ఉప్పు రెట్టింపైన ఆ మడుగులో ఈ చిన్నప్రాణికి అంతటి సంతానము ఎట్లు సాధ్యమైనది? శత్రువులు లేకుండుట ఒక కారణము. దాని ఒంటిలోనే నాచు కాపురముండుట రెండవది. ఈ సంగతి తెలిసినది 1990లలో. ఆ నాచు స్ట్రోమటొలైటులు కట్టునది కాదు, వేరొక జాతి. కాని వృత్తి అదే, ఎండ తినుట. గుల్ల దానికి నీడ, నీరు, తన విసర్జించిన ఎరువు ఇచ్చును. నాచు తాను వండుకొన్న చక్కెరవంటి ఆహారములో మిక్కిలి భాగమును గుల్లకు ఇచ్చును. మన కాకినాడ గుల్ల నీటిని వడపోసి అందులోని తిండి తిని బ్రతుకును. ఇది ఎండలో కూర్చుండి బ్రతుకును. కృష్ణా, గోదావరులు తెచ్చు ఒండ్రుచే మన తీరపు నీరు మురికిగానుండి ఎండ లోతునకు దిగదు. మన కోస్తాలో ఇట్టి గుల్లలు వర్ధిల్లకపోవుటకు అది ప్రధానకారణమని మాకు తోచుచున్నది. తేటనీటి లక్షదీవులలోను, తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన అండమానులలోను వీటికి జ్ఞాతులైన రాక్షసపు ఆలిచిప్పలు కలవు. వాటిలో అన్నిటికంటె పెద్దజాతి ఒక మీటరు దాటి పెరుగును, బరువు 200 కిలోగ్రాములు మించును. పారిస్ నగరమున సెంట్ సుల్పీస్ చర్చిలో అట్టి చిప్ప రెండు సగములు తీర్థపు పాత్రలుగా నున్నవి. వెనీసు ప్రభుత్వము ఫ్రాన్సు రాజైన మొదటి ఫ్రాన్సిసుకు కానుక ఇచ్చినవి. రాక్షసునికిని, గోరంత ఫ్రాగమునకును కులమొక్కటే. నాచును ఇంట పెట్టుకొను ఆచారము మాత్రము ఆ పెద్దకులములో ఈ రెండు శాఖలకే దక్కినది.

ఈ చిన్నశాఖలో మిక్కిలి విచిత్రమైనది హృదయాకారముగల ఒక చిప్ప. శాస్త్రనామము కార్కులమ్. తక్కిన ఆలిచిప్పలు రెండుప్రక్కల నొక్కినట్లుండగా, ఇది ముందు వెనుకలు నొక్కినట్లు పలుచబడి, పైనుండి చూచినచో ఆటముక్కలలోని ఆఠీనువలె నుండును. తూర్పుదీవులలోని అంబన్ నగరమున డచ్చి కంపెనీ ఉద్యోగిగానున్న రంఫియస్ తన సముద్రవస్తువుల గ్రంథములో దీనిని చేర్చినాడు. ఆయన కథ వింటే జాలి కలుగును. 1670లో కండ్లు పోయినవి. 1674 భూకంపములో భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్నాడు. 1687లో ఇల్లు కాలి బొమ్మలన్నియు బూడిదయైనవి. 1702లో చనిపోయినాడు, గ్రంథము 1705లో గాని అచ్చుకాలేదు. గ్రుడ్డివాడు వ్రేళ్ళతో తడిమి, అంచులవెంట చేయి పోనిచ్చి, చిప్పలను గుర్తుపట్టి చెప్పుచుండగా ఇతరులు వ్రాసికొన్నారు. ఆకారమంతయు ఆయన వ్రేళ్ళకు అందినది. ఆ గుల్లలోని అసలు రహస్యము మాత్రము వెలుగుకు సంబంధించినది.

1758లో లిన్నేయస్ దానికి శాస్త్రనామము పెట్టినాడు. తరువాత దాదాపు రెండువందల ఏండ్లు అది సంపన్నుల అలమారలలో అలంకారముగా పడియున్నది. అందమైనది కనుక అందరును కొన్నారు. మాంసము తీసివేసి, కడిగి, అద్దాల పెట్టెలో పెట్టినారు. రహస్యము కడిగివేసిన ఆ మాంసములో ఉన్నది. పలావు దీవులలోని జపాను పరిశోధనశాలలో పనిచేసిన సిరో కవగూతి ప్రాణముతోనున్న చిప్పను పరిశీలించి, దాని ఒంటిలో నాచు కలదనియు, పైకవచము పలుచగా, వెలుగు చొరబడునట్లున్నదనియు 1950లో ప్రకటించినాడు. రాక్షసపు ఆలిచిప్పల సంగతి అంతకుముందే కొంత తెలిసియుండెను. 1928–29లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బలకు పోయిన బృందమునకు నాయకుడైన యాంగ్, ఆలిచిప్ప తన ఒంటిలోని నాచును పంటవలె పెంచి కోసికొని తినుచున్నదని భావించినాడు. కొంతవరకు పొరపాటు. నాచు బ్రతికియుండగనే తన ఆహారమును బయటికి విడుచుచున్నదని 1967లో మస్కటీన్ చూపినాడు. రైతుకును పంటకును గల సంబంధము కాదది; పాడియావుకును రైతుకును గల సంబంధమునకు దగ్గర. 1983లో కవగూతి, ముప్పదిమూడేండ్ల తరువాత, ఫ్రాగమ్ జాతి గుల్లలోను నాచు కలదని మరియొక చిన్నవ్యాసము వ్రాసినాడు. ఒకే మనుష్యుడు జీవితమంతయు ఒకే ప్రశ్నను వదలక పట్టుకొనుటలో ఏదో సొగసు కలదు.

ఇక్కడ ఒక చిక్కు మిగిలినది. ఆలిచిప్ప ఎండకొరకు నోరు తెరచినచో చేపలు కొరుకును. మూసికొన్నచో నాచు చీకటిలో చచ్చును. రాక్షసపు చిప్ప బలిష్ఠము కనుక తెరచుకొని కూర్చుండును. ఈ హృదయపు చిప్ప మూసికొనియే యుండి లోపలికి వెలుగెట్లు తెచ్చుచున్నది? 2024 నవంబరులో డకోటా మెక్కాయ్, సోంకె జాన్సెన్ మొదలైనవారు ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పినది. చిప్ప పైభాగమున చిన్నచిన్న కిటికీలు కలవు. తక్కిన గుల్లలో సున్నపు స్ఫటికములు అడ్డదిడ్డముగ అల్లుకొని వెలుగును చెదరగొట్టుచుండగా, ఈ కిటికీలలో అవి సన్నని నూలుపోగులవలె వెలుగు దిక్కుకు నిలువుగా కట్టకట్టియున్నవి. నేడు టెలిఫోను మాటలను, చిత్రములను మోయుచున్న గాజుతీగల కట్ట ఎట్లు పనిచేయునో ఇదియు అట్లే. ప్రతి కిటికీ అడుగున కుంభమువలె చిన్న ఉబ్బు కలదు. అది భూతద్దమువలె వెలుగును లోనికి కూడగట్టును. నాచుకు పనికివచ్చు వెలుగులో సగటున నూటికి 31 పాళ్ళు లోనికి పోవుచున్నది. కణమును మాడ్చు అతినీలలోహిత కిరణములలో నూటికి 14 పాళ్ళే పోవుచున్నది. మనుష్యులు గాజుతీగను కనిపెట్టినది ఇరువదవ శతాబ్దిలో. గుల్ల దానిని సున్నముతో చేసికొన్నది! తమలపాకుకు రాచుకొను ఆ సున్నమే.

ఒకప్పుడు పల్నాటి సముద్రములో నాచు ఒంటరిగా సున్నము పోసినది. తరువాత పుట్టిన గుల్ల తానే సున్నము పోయుట నేర్చినది. ఈ చిన్నచిప్పలో ఇద్దరు పనివారును ఒకే ఇంట చేరి, ఒకరు వండగా ఒకరు ఇల్లు కట్టి, ఆ ఇంటికి వంటవానికొరకు కిటికీలు పెట్టినారు. ఈ పోలిక శాస్త్రజ్ఞులది కాదు, మాది. పల్నాటి నాచుకును ఈ చిప్పలోని నాచుకును చుట్టరికము చాలదూరపుదని మరల ఒకమారు చెప్పవలసియున్నది.

ఈ కాపురము ఎండమీద ఎంత ఆధారపడినదో వేడిమికి అంత భయపడును. సముద్రపునీరు మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారములట్లే నిలిచినచో నాచు గుల్లలోనుండి వెడలిపోవును. పగడములు తెల్లబారుట యని పత్రికలలో చదువుచున్నదే, రాక్షసపు ఆలిచిప్పలకును పట్టుచున్నది. 2010–11 వేసవిలో ఆస్ట్రేలియా పడమటి తీరమున నీరు అట్లే వేడెక్కినది. షార్క్ బేలో సముద్రపు గడ్డి పెద్దభాగము చచ్చిపోయినది. హామెలిన్ మడుగునకు అడ్డుకట్టగా నిలిచి దాని ఉప్పును కాపాడుచున్నది ఆ గడ్డియే యని పైన చెప్పినాము.

ఇక్కడ పిడుగురాళ్ళ బట్టీ మరల జ్ఞాపకము వచ్చును. నూరు మణుగుల శుద్ధమైన సున్నపురాయి బట్టీలో పడినచో 56 మణుగుల సున్నము దిగును. తక్కిన 44 మణుగులు బొగ్గుపులుసు వాయువు. అది గాలిలో కలియును. కాల్చుటకు వేసిన బొగ్గుపొగ దీనికి అదనము. గుల్లలు పుట్టక ముందటి సముద్రమున కరగి, సున్నముతో కలసి పల్నాటి అడుగున బంధింపబడిన వాయువే అది. సిమెంటునకును ఇదే రాయి, ఇదే బట్టీ, ఇదే లెక్క. 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారము వెలసినప్పుడు సీమకు ఎంతటి మేలుగా తోచినదో పెద్దలు చెప్పగా విన్నాము. నాగార్జునసాగరము లేచినది, ఊళ్ళు లేచినవి, వలసపోయిన కూలీకి ఇంటిదగ్గరనే పని దొరికినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు ప్రత్యేకజిల్లా అయిన తరువాతను దాని బ్రతుకులో సున్నమునకు, సిమెంటునకు, బండకు చోటు తగ్గలేదు. బట్టీమీద బ్రతుకువానికి ఈ 44 మణుగుల లెక్క చెప్పి, నీ పొయ్యి ఆర్పుమనుట మాకు నోరాడని పని. లెక్క మాత్రము ఉన్నదున్నట్లు తెలియవలసినదే. గాలిలో చేరిన ఆ వాయువులో కొంత సముద్రములో కరగి నీటిని పులుపెక్కించును. పులుపెక్కిన నీటిలో గుల్ల కట్టుకొనుట ప్రాణికి కష్టమగును.

షార్క్ బే 1991లో ప్రపంచ వారసత్వస్థలముగా గుర్తింపబడినది. పాత కట్టడముల మరమ్మతునకు తప్ప గుల్లరాయి కోయుట అక్కడ నిలిచినది. అమరావతి పలకలలో మిగిలినవి మదరాసు, లండను, అమరావతి మ్యూజియములలో నున్నవి. నాగార్జునకొండ లోయ 1967లో నీట మునుగకముందు అక్కడి కట్టడములలో కొన్నిటిని ఎత్తి కొండమీద నిలిపినారు. మిగిలిన పునాదులు, ఆ పునాదులక్రింది బండ, అన్నియు నీటిక్రిందనే యున్నవి. ఆ విధముగ పల్నాటి బండలో ఒక భాగము మరల నీటియడుగునకు చేరినది. ఉప్పునీరు కాదు, కృష్ణనీరు.

హామెలిన్ మడుగు ఒడ్డునుండి పూర్వము గొఱ్ఱెబొచ్చు మూటలను ఓడలకు ఎక్కించెడివారు. ఒంటెలు లాగిన బండ్లు లోతులేని నీటిలో స్ట్రోమటొలైటులమీదుగనే నడచినవి. ఆ గుండ్లు ఏడాదికి అర మిల్లీమీటరుకంటె ఎక్కువ పెరుగవు. ఆ రవాణా నిలిచి చాల దశాబ్దములైనది. నీరు తగ్గిన వేళ ఒడ్డున నిలిచి చూచువారికి ఆ బండ్ల చక్రముల జాడలు నేటికిని, నిన్న పోయినట్లుగా, స్పష్టముగ కనబడుచున్నవి.